వాననీటి మడుగుల శాస్త్రవేత్త ఎం.ఓ.పి. అయ్యంగార్

భారతదేశంలో శైవల శాస్త్రానికి పునాదులు వేసిన వృక్షశాస్త్రవేత్తగా మండయం ఓసూరి పార్థసారథి అయ్యంగార్‌ను విద్వల్లోకం గుర్తించింది. ఎం.ఓ.పి. అయ్యంగార్ అన్న పొట్టి పేరుతోనే ప్రసిద్ధులైన ఈయన 1886 డిసెంబరు 15న మద్రాసులో జన్మించి, 1963 డిసెంబరు 10న, 77వ జన్మదినానికి అయిదు రోజుల ముందు కన్నుమూశారు. చెరువులు, కుంటలు, రోడ్డు పక్క గుంటలు, దేవాలయ కోనేరులు ఆయన జీవితకాలపు పరిశోధనా క్షేత్రాలు. సామాన్యులు పాచి అనీ నాచు అనీ కొట్టిపారేసే ఆకుపచ్చని జిగట పదార్థంలో ఆయన కొత్త జాతులనూ కొత్త ప్రజాతులనూ కనుగొన్నారు. తేమ మట్టి మీద ఆయన గుర్తించిన ఒక చిన్న మొక్క, నీటిలోని వృక్షజాతి నేల మీదికి ఎలా ఎక్కి వచ్చిందన్న ప్రశ్నపై దశాబ్దాల చర్చకు కారణమైంది.

శైవలాలు వేరు, కాండం, ఆకు అన్న విభజన లేని ప్రాథమిక వృక్షాలు. పత్రహరితం ఉన్నందువల్ల ఎండను ఉపయోగించుకుని తమ ఆహారాన్ని తామే తయారు చేసుకోగలవు. చేపలకు మేత, నీటికి ప్రాణవాయువు, వరి చేలకు నత్రజని వీటి వల్ల ఎంతో కొంత సమకూరుతాయి. తాగునీటి చెరువుల్లో శ్రుతి మించి పెరిగితే దుర్వాసన, విషం కూడా వీటి నుంచే వస్తాయి. ఇంత ఉపయోగం, ఇంత ఉపద్రవం ఉన్నా పంతొమ్మిదో శతాబ్ది చివరి వరకు భారతీయ శైవలాల అధ్యయనం దాదాపుగా ఐరోపా వారి చేతుల్లోనే ఉండిపోయింది. డాక్టర్ వాలిక్ బెంగాల్ ప్రాంతంలో సేకరించిన శైవలాలను ఇంగ్లండుకు చెందిన డబ్ల్యు.బి. టర్నర్ వర్ణించగా, ఆ గ్రంథం 1892లో స్వీడన్ విజ్ఞాన అకాడమీ పక్షాన వెలువడింది. సింహళ ద్వీపపు మంచినీటి శైవలాలపై లండన్ ఆచార్యుడు ఎఫ్.ఇ. ఫ్రిట్ష్ 1907లో ముఖ్యమైన వ్యాసం ప్రకటించారు. నీరు ఇక్కడిది, నామకరణం అక్కడిది. సీసాలో భద్రపరచిన నమూనాను బట్టి మొక్క ఆకారం చెప్పగలరు గాని, అది ఏ వానకు మొలిచింది, ఏ ఎండకు ఎండింది, ఎలా సంతానాన్ని కన్నది అన్న సంగతులు సముద్రం దాటి వెళ్ళేవి కావు. అయ్యంగార్ కృషి విలువ తెలియాలంటే ఈ నేపథ్యాన్ని దృష్టిలో పెట్టుకోవలసి ఉంటుంది.

ఆయన ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూలులో చదువుకుని, ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి 1906లో బి.ఏ., 1909లో ఎం.ఏ. పట్టాలు పొందారు. కొంతకాలం మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో క్యూరేటరుగా పనిచేశారు. 1911లో సైదాపేట టీచర్స్ కాలేజీలో అధ్యాపకునిగా చేరారు. 1920లో ప్రెసిడెన్సీ కాలేజీ వృక్షశాస్త్ర ఆచార్య పదవి లభించింది. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే దోమలపై పరిశోధనలు జరిపి పేరుపొందిన ఎం.ఓ.టి. అయ్యంగార్ ఈయన తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ నిలవ నీటిలోనే తమ శాస్త్రాన్ని వెదుక్కున్నారు. ఒకరు నాచును, మరొకరు దోమ పిల్లలను.

మద్రాసు నాటికి వృక్షశాస్త్రంలో చిన్న కేంద్రమేమీ కాదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఆచార్యునిగా ఉన్న పి.ఎఫ్. ఫైసన్ 1919లో భారతీయ వృక్షశాస్త్ర పత్రికను ప్రారంభించారు. మరుసటి ఏడాది భారతీయ వృక్షశాస్త్ర సంఘం ఏర్పడగా ఆ పత్రిక సంఘం పత్రికగా మారింది. మద్రాసులోని వాల్వాక్స్ కుటుంబపు శైవలాలపై అయ్యంగార్ రాసిన పరిశీలనలు 1920లోనే ఆ పత్రికలో వెలువడ్డాయి. ఆ కుటుంబాన్ని ఆయన జీవితాంతం విడిచిపెట్టలేదు.

గుంటలో గోళాలు

వాల్వాక్స్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఈశాన్య రుతుపవనాలు మద్రాసును తడిపి వెళ్ళిన కొద్ది రోజులకు గుంటల్లో నీరు పచ్చబారుతుంది. ఆ నీటిని గాజు పలక మీద వేసి చూస్తే గుండుసూది తలంతటి పచ్చని గోళాలు దొర్లుతూ కనిపిస్తాయి. ఒక్కొక్క గోళం వందలు, ఒక్కోసారి వేల కణాల సమాహారం. ప్రతి కణానికీ రెండేసి కశాభాలు ఉంటాయి. అన్ని కణాలూ ఒక్క తీరుగా వాటిని ఆడించడం వల్ల గోళం వెలుతురు వైపు కదులుతుంది. కణాల్లో ఎక్కువ భాగం ఈదడానికి, ఆహార తయారీకి పరిమితం కాగా, కొన్ని మాత్రమే సంతానానికి ప్రత్యేకింపబడి ఉంటాయి. పిల్ల గోళాలు తల్లి గోళం లోపలే రూపుదిద్దుకుంటాయి. తొలుత వాటి కశాభాల వైపు లోనికి ఉంటుంది. గోళం చొక్కా చేతిని తిరగేసినట్లు లోపలి వైపు బయటికి తిరగబడితే గాని ఈదడం సాధ్యం కాదు. తల్లి గోళం పగిలినప్పుడు పిల్లలు బయటపడతాయి.

గుంట ఎండిపోయే సూచనలు కనిపించగానే స్త్రీ, పురుష బీజకణాలు కలిసి దళసరి గోడ గల సంయుక్త బీజాలు ఏర్పడతాయి. అవి మట్టిలో పడి ఎండాకాలమంతా నిద్రిస్తాయి. మళ్ళీ వాన పడిన నాడు మొలుస్తాయి. కొద్ది వారాల్లో మొదలై ముగిసే ఈ జీవితచక్రాన్ని చూడాలంటే శాస్త్రవేత్త ఆ గుంట దగ్గరే ఉండాలి. వారం ఆలస్యమైతే ఏడాది వేచి ఉండవలసిందే. దక్షిణ భారతంలోని సహనివేశ రూప వాల్వాకేలీస్‌పై ఆయన సమగ్ర వ్యాసాన్ని 1933లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ప్రచురించింది. అందులోని కొత్త జాతులు, పునరుత్పత్తి వివరాలు నేటికీ ఆ రంగంలోని వారికి ఆధారాలుగా ఉపకరిస్తున్నాయి.

నీటి వలగా పిలువదగిన హైడ్రోడిక్టియాన్ మరొక విడ్డూరం. దీని కణాలు అయిదు, ఆరు మూలల కళ్ళు గల వలగా అల్లుకుని ఉంటాయి. ప్రతి కణం లోపలా వేల సంఖ్యలో పుట్టిన చలన బీజాలు అక్కడికక్కడే వరుసకట్టి చిన్న వలగా ఏర్పడతాయి. తల్లికణం గోడ కరిగితే ఆ వల బయటికి వస్తుంది. మద్రాసులో లభించిన కొత్త జాతికి అయ్యంగార్ 1925లో హైడ్రోడిక్టియాన్ ఇండికం అని పేరు పెట్టారు. తడి ఆరుతున్న చెరువు బురద మీద పచ్చని పూసలవలె మొలిచే బోట్రీడియం జాతులను కూడా అదే సంవత్సరం వర్ణించారు.

నలభై దాటాక విద్యార్థి

1930 ప్రాంతంలో ఆయన లండన్ వెళ్ళి, ఈస్ట్ లండన్ కాలేజీలో ఫ్రిట్ష్ వద్ద పరిశోధన సాగించి లండన్ విశ్వవిద్యాలయం నుంచి పిహెచ్.డి. పట్టా పొందారు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. సొంత దేశంలో ఆచార్య పదవిలో ఉన్న వ్యక్తి మరొక ఆచార్యుని వద్ద విద్యార్థిగా చేరడానికి సంకోచించకపోవడం గమనార్హం. ఫ్రిట్ష్ ఆ కాలంలో శైవలాల నిర్మాణం, పునరుత్పత్తిపై బృహద్గ్రంథాన్ని రచిస్తున్నారు. దాని మొదటి సంపుటం 1935లో, రెండవది 1945లో వెలువడ్డాయి. మద్రాసు గుంటల నుంచి అయ్యంగార్ తేల్చిన విషయాలకు అందులో చోటు దక్కింది.

1932లో ఆయన ఒక కొత్త ప్రజాతిని లోకానికి పరిచయం చేశారు. గురువు పేరు మీదుగా దానికి ఫ్రిట్షియెల్లా అని నామకరణం చేశారు. మట్టి అడుగున దుంపల్లాంటి కణ సముదాయాలు ఉన్నందువల్ల జాతి పేరు ట్యూబరోసా అయింది. వాననీరు ఇంకిపోయిన గుంటల అడుగున, తేమ ఆరని ఒండ్రు మీద ఇది పెరుగుతుంది. సాధారణంగా శైవలమంటే నీటిలో తేలే తంతువు. దీనికి మాత్రం మట్టిలోకి దిగే రంగులేని వేళ్ళవంటి తంతువులు ఉన్నాయి. నేలకు కొద్దిగా అడుగున గుంపు కట్టిన కణాలు ఉన్నాయి. వాటి నుంచి మట్టిపైకి, గాలిలోకి లేచే పచ్చని కొమ్మలు ఉన్నాయి. ఎండలు ముదిరి పైకొమ్మలు మాడిపోయినా అడుగున ఉన్న ముద్దలు బతికి ఉండి, వాన రాగానే మళ్ళీ చిగురిస్తాయి.

ఇదంతా వృక్షశాస్త్రజ్ఞులకు ఎందుకంత ఆసక్తి కలిగించిందంటే, నేలపైని మొక్కలన్నిటి పూర్వీకులు నీటిలోని ఆకుపచ్చ శైవలాలేనని అప్పటికే స్థిరపడింది. అయితే ఆ మార్పు ఏ రూపంలో జరిగి ఉంటుందో చూపగల సజీవ సాక్ష్యం కొరవడింది. నేలలో ఒక భాగం, గాలిలో ఒక భాగం గల ఈ మద్రాసు మొక్క ఆ ఖాళీలో సరిగ్గా ఇమిడినట్లు కనిపించింది. కాశీకి చెందిన ఆర్.ఎన్. సింగ్ 1940లలో దీని జీవితచక్రాన్ని పరిశీలించి, ఒకే రూపంలో ఉండే రెండు తరాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయని వెల్లడించారు. దానితో ఆసక్తి మరింత పెరిగింది. ప్రపంచవ్యాప్తంగా పాఠ్యగ్రంథాల్లో ఫ్రిట్షియెల్లా బొమ్మ స్థిరపడిపోయింది. మన దేశంలో డిగ్రీ స్థాయిలో వృక్షశాస్త్రం చదివిన వారిలో ఈ బొమ్మ గీయని వారు తక్కువ.

ఆ తీర్పు తరువాత మారింది. 1960ల చివర్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో జరిపిన పరిశీలనలు దీని కణవిభజన నేల మొక్కల తీరును పోలి ఉందని సూచించినా, 1970లలో దీని చలన బీజాల కశాభాల నిర్మాణాన్ని చూసిన వారు ఇది వేరే శాఖకు చెందినదని తేల్చారు. డి.ఎన్.ఏ. పోలికలు కూడా ఆ నిర్ణయాన్నే బలపరిచాయి. నేల మొక్కలకు అతి సమీప బంధువులు స్పైరోగైరా, జిగ్నీమాల వంటి సంయోగ శైవలాల వర్గమని నేటి అవగాహన. ఆ వర్గంలోనూ అయ్యంగార్ కొత్త జాతులను వర్ణించి ఉండడం విశేషం. ఫ్రిట్షియెల్లా నేల మొక్కలకు తాత కాదు. నీటి నుంచి నేలకు ఎక్కే ప్రయత్నాన్ని మరొక కొమ్మ తనంతట తాను చేసిన ఉదాహరణ అది. పూర్వీకురాలన్న హోదా పోయినంత మాత్రాన ఆయన వర్ణనలో తప్పు పట్టవలసినదేమీ లేదు. ఆయన చూసి గీసిన నిర్మాణం అలాగే నిలిచి ఉంది. దాని మీద కట్టిన వంశవృక్షం మాత్రమే మారింది.

మద్రాసు విశ్వవిద్యాలయంలో

స్వదేశానికి తిరిగి వచ్చిన అనంతరం మద్రాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ప్రయోగశాలకు డైరెక్టరుగా బాధ్యతలు స్వీకరించి 1944లో పదవీ విరమణ చేసే వరకు నిర్వహించారు. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినప్పటికీ, ఉన్నత పరిశోధనకు మద్రాసు చేరే తెలుగు విద్యార్థులు 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించే వరకు, ఆ తరువాత కూడా ఉంటూనే వచ్చారు.

1933లో ఎక్బాలోసిస్టాప్సిస్, 1936లో కరాసియోసైఫాన్ అనే మరో రెండు ప్రజాతులను ఆయన ప్రకటించారు. కరాసియోసైఫాన్ వాగు నీటిలో రాళ్ళను అంటిపెట్టుకుని ఉండే సంచి వంటి శైవలం. మరే కుటుంబంలోనూ ఇమడనంత వింత నిర్మాణం దీనిది. అందువల్ల దీని కోసం ప్రత్యేక కుటుంబాన్నే ఏర్పరచవలసి వచ్చింది. సముద్రపు నాచును కూడా ఆయన అలక్ష్యం చేయలేదు. మన్నార్ సింధుశాఖలోని క్రుసడై ద్వీపపు శైవలాలపై మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో 1927లో వివరణ వెలువరించారు.

పదవీకాలపు చివరి సంవత్సరాల్లో, రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, శిష్యుడు ఆర్. సుబ్రహ్మణ్యన్‌తో కలిసి సైక్లోటెల్లా మెనెఘీనియానా అనే డయాటంపై జరిపిన పరిశోధన నిపుణుల దృష్టిలో ఆయన ఉత్తమ కృషిలో ఒకటి. డయాటమ్‌లు గాజు పెట్టె వంటి సిలికా గోడలో నివసించే ఏకకణ శైవలాలు. పెట్టె రెండుగా విడిపోయిన ప్రతిసారీ ఒక పిల్ల కొద్దిగా చిన్నదవుతుంది. తరతరాలుగా చిన్నబోయిన కణం ఒక దశలో పాత గోడను వదిలించుకుని ఉబ్బి, మళ్ళీ పూర్తి పరిమాణం పొందుతుంది. ఆ దశలో కేంద్రకం లోపల జరిగేదేమిటో 1942, 1944 వ్యాసాల్లో ఈ ఇద్దరూ వివరించారు. క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే విభజన అప్పుడే జరుగుతుందని, ఆ మీదట ఒకే కణంలోని రెండు కేంద్రకాలు ఏకమవుతాయని చూపారు. గుండ్రని డయాటమ్‌ల సాధారణ జీవితం రెండు జతల క్రోమోజోములతోనే గడుస్తుందనడానికి ఇది బలమైన ఆధారమయింది. వెంట్రుక మందంలో కొద్ది భాగమంత కణంలో ఈ విషయాన్ని నాటి పరికరాలతో పట్టుకోవడం సులభసాధ్యమైన పని కాదు.

ఆయన శిష్యులు దేశమంతటా వ్యాపించారు. సుబ్రహ్మణ్యన్ సముద్ర డయాటమ్‌లపై, ఎం.ఎస్. బాలకృష్ణన్ పుణెలో, కె.ఆర్. రామనాథన్ యులోట్రికేలీస్‌పై, వి.ఎస్. సుందరలింగం కారా వర్గంపై కృషి సాగించారు. టి.వి. దేశికాచారి మద్రాసులోనే ఉండి గురువు రంగానికి వారసుడయ్యారు. స్వాతంత్ర్యానంతరం భారత వ్యవసాయ పరిశోధనా మండలి శైవల వర్గాలపై వరుసగా గ్రంథాలు ప్రచురించింది. దేశికాచారి నీలి ఆకుపచ్చ శైవలాలపై రచించిన సయనోఫైటా 1959లో, రామనాథన్ గ్రంథం 1964లో ఈ వరుసలో వెలువడ్డాయి. సంయోగ శైవలాలపై 1959 గ్రంథకర్త ఎం.ఎస్. రణధావా ఐ.సి.ఎస్. అధికారి. 1947లో దేశ విభజన అల్లర్ల నాడు ఢిల్లీ డిప్యూటీ కమిషనరుగా ఉన్న వ్యక్తి ఆయనే. స్పైరోగైరాకూ శాంతిభద్రతలకూ ఏకకాలంలో సమయం కేటాయించగలిగిన అధికారులు ఆ తరంలో ఉండేవారు.

వరి చేలతో సంబంధం

శైవలాల పేర్లు, బొమ్మలు రైతుకు ఎందుకన్న ప్రశ్న ఆ రోజుల్లో లేకపోలేదు. దానికి సమాధానం వరిమళ్ళ నుంచే వచ్చింది. అవిభక్త బెంగాల్‌లోని వరి నేలలు ఎరువు లేకుండానే ఏటేటా పంట ఇవ్వడానికి కారణమేమిటని పరిశోధించిన పి.కె. డే, నిలవ నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ శైవలాలు గాలిలోని నత్రజనిని నేలలో చేరుస్తున్నాయని 1939లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో నిరూపించారు. ఫ్రిట్షియెల్లాను అధ్యయనం చేసిన ఆర్.ఎన్. సింగ్ 1950లో మరో అడుగు ముందుకు వేశారు. ఉత్తరప్రదేశ్ చవుడు భూముల్లో గట్లు వేసి వాననీటిని నిలిపి ఈ శైవలాలను పెరగనిస్తే క్షారం తగ్గి, నేల సాగుకు అనువవుతుందని ఆయన ప్రకటించారు. 1960ల నుంచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ శైవల జీవ ఎరువును రైతులకు చేర్చే కార్యక్రమానికి రూపకల్పన చేశారు. అనుకూల పరిస్థితుల్లో హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని లభించగలదని శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఆచరణలో ఆ ఆశలన్నీ ఫలించలేదు. యూరియా బస్తా చౌకగా దొరికే చోట ట్రేలలో నాచు పెంచి ఎండబెట్టి చల్లే ఓపిక రైతుకు లేకపోయింది. చవుడు భూముల బాగుకు జిప్సమే ప్రధాన సాధనంగా నిలిచింది. అయినా ఏ మడిలో ఏ శైవలం ఉన్నదో, వాటిలో నత్రజనిని పట్టగలది ఏదో గుర్తించే పని లేకుండా ఈ ప్రయోగాలేవీ మొదలయ్యేవే కావు. అందుకు కావలసిన వర్గీకరణ విద్యను దేశంలో పాదుకొల్పిన వారిలో అయ్యంగార్ అగ్రగణ్యులు; కాశీలో ఫ్రిట్ష్ వద్దనే శిక్షణ పొందిన వై. భరద్వాజ ఈ విషయంలో ఆయనకు సాటి.

పదవీ విరమణ ఆయన సూక్ష్మదర్శినికి విరామం కలిగించలేదు. డెబ్బై ఏళ్ళు నిండిన తరువాత, 1957లో సిలిండ్రోకాప్సాప్సిస్ అన్న మరొక కొత్త ప్రజాతిని ప్రకటించారు. 1962లో భారత శైవలశాస్త్ర సంఘం ఏర్పడగా దానికి అధ్యక్షుడయ్యారు. ఫైకోస్ పేరిట ఆ సంఘం పత్రిక ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం డిసెంబరులో అయ్యంగార్ మరణించారు. యౌవనంలో మొదలుపెట్టిన వాల్వాకేలీస్‌పై సంపూర్ణ గ్రంథం అప్పటికి అచ్చు కాలేదు. ఆ భారం దేశికాచారిపై పడింది. గురుశిష్యులిద్దరి పేర్లతో వ్యవసాయ పరిశోధనా మండలి ఆ గ్రంథాన్ని 1981లో, అంటే అయ్యంగార్ మరణించిన 18 సంవత్సరాలకు ప్రచురించింది. మద్రాసు గుంటలపై తొలి వ్యాసం వెలువడిన 1920 నుంచి లెక్కిస్తే అరవై ఒక్క సంవత్సరాలు. ఈ మధ్యకాలంలో ఆ గుంటల్లో ఎన్నో ఇళ్ళస్థలాలుగా, రోడ్లుగా మారిపోయాయి.

డెన్మార్క్ శైవల శాస్త్రవేత్త బోర్గెసెన్ 1939లో ఒక సముద్ర శైవల ప్రజాతికి ఐయంగారియా అని పేరు పెట్టి ఆయనను గౌరవించారు. 1953లో దేశికాచారి ఒక నీలి ఆకుపచ్చ శైవలానికి గురువు పేరు కలిపి ఐయంగారియెల్లా అన్న ప్రజాతిని ఏర్పరచారు. దాని మొదటి జాతి పేరు తిరుపతియెన్సిస్. అది దొరికిన ఊరు తిరుపతి.